ఉల్లిపొట్టూ, అరగ్లాసు నీళ్లూ

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటారు. గొట్టాలాయన విషయంలో ఆ సామెత సగమే నిజం. ఆయన కాళ్లు ప్రతి సాయంత్రం పరిశోధనశాల గేటు దాటి, రోడ్డు దాటి, తిన్నగా అక్క టీ కొట్టుకి వస్తాయి. మాటలే, అక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడ తేలతాయో ఆయనకీ తెలియదు.

ఆయన ఉద్యోగం ఆ పరిశోధనశాలలో గాజు గొట్టాలు కడగడం. పెద్ద సింకు, పొడుగాటి బ్రష్షు, రబ్బరు తొడుగులు, పక్కన ఆరబెట్టుకునే స్టాండు. మర్యాదగల పని, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. కాదని ఎవరూ అనలేదు. ఆయనకే అది చాల్లేదు. టీ కొట్టు బల్లమీద కూర్చోగానే, పగలంతా కడిగిన గొట్టాలన్నీ సాయంత్రానికి తను కనిపెట్టిన గొట్టాలైపోయేవి.

కొట్టు నడిపే ఆవిణ్ణి వీధంతా అక్క అనే అంటుంది. ఆమెకి ఈ కోతలంటే కోపమేమీ లేదు. కథ సాగినంతసేపూ టీలు సాగుతాయి, ఒక ఎలుక కథకి ఒక గిన్నె పాలు ఖర్చు. చెప్పేవాడికి వినేవాడు లోకువైతే కావచ్చు గానీ, ఇద్దరికీ టీ పోసే మనిషికి ఆ లోకువతో పనేముంది? అలా ఆమె ఇన్నేళ్లూ వింటూ, పొయ్యి చూసుకుంటూ ఊరుకుంది.

ఆ మధ్య గొట్టాలాయన ఉల్లిపొట్టు మీద పడ్డాడు. ఉల్లిపొట్టులో ఫ్లేవనాయిడ్ అనేదేదో ఉందట, మనిషిని ముసలివాణ్ణి చేసే ఎంజైముల నోరు అది కట్టేస్తుందట. బల్లమీద వినేవాళ్లు ఎప్పుడూ ఉండే ముగ్గురే. ఎదురు దుకాణం టైలరు నవ్వాడు. రిటైరైన లెక్కల మాస్టారు నవ్వలేదు గానీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, ఆయన నవ్వడమంటే అదే. మూడోవాడు అక్క భర్త. ఆయన నమ్మాడు.

ఆ నమ్మకం మామూలుది కాదు. ఆయనకి బీపీ ఉంది. వీధి చివరి డాక్టరు రోజుకో మాత్ర రాసి, మానొద్దని మరీమరీ చెప్పాడు. ఆయన ఆ మాత్రల అట్ట తీసి బిస్కెట్ల డబ్బాలో అడుగున పడేసి, రెండో పొయ్యిమీద ఉల్లిపొట్టు మరగబెట్టడం మొదలుపెట్టాడు. అక్క బతిమాలింది, తిట్టింది, ఒక పూట మాట్లాడ్డం మానేసింది. "మాత్రలు డాక్టరు బాగుకోసం, ఉల్లిపొట్టు మన బాగుకోసం," అన్నాడాయన. ఇంటావిడ మాట గోడకి చెప్పినట్టు, గొట్టాలాయన మాట రాతిమీద చెక్కినట్టు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఒకరోజు పాలక్యాను ఎత్తబోయి ఆయన తూలి గోడ పట్టుకున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. అక్క పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. ఆయన మాత్రం కాసేపాగి, ఏమీ జరగనట్టు క్యాను పక్కకి జరిపి, ఉల్లిపొట్టు నీళ్లు ఇంకో లోటా పోసుకున్నాడు.

అక్కకి ఒక్క సంగతి తెలుసు. రోజూ వీధిదీపం వెలిగేవేళకి గొట్టాలాయన కథ మధ్యలో లేచి, కొట్టు మూల నీళ్ల డ్రమ్ము దగ్గరికి వస్తాడు. అక్క అరగ్లాసు నీళ్లిస్తుంది. ఆయన జేబు తడుముకుని, గోడవైపు తిరిగి తాగుతాడు. గొంతు తడుపుకోవడం అంటాడు. అంత మాట్లాడే గొంతుకి ఆ మాత్రం తడి అవసరమేనని అందరూ ఒప్పుకున్నారు. గ్లాసు అందించే మనిషి ఒప్పుకోవాలని ఏముంది? అయినా అక్క ఎవరితోనూ అనలేదు. కొట్టుకొచ్చిన మనిషి గోడవైపు తిరిగాడంటే చూడొద్దని అర్థం, చూసినా చెప్పొద్దని అర్థం. టీ కొట్టు మర్యాద అది.

ఆయన తూలిన రెండోరోజు సాయంత్రం కూడా మామూలుగానే మొదలైంది.

"నేనేమీ పెద్ద గొప్ప పని చెయ్యలేదు," అన్నాడు గొట్టాలాయన. ఆయన ఆ మాట అన్నాడంటే ఆ రోజు గొప్పలకి కొదవ లేదన్నమాట. "మా మేడమ్ ఉన్నారు కదా, ఆవిడ ఏళ్ల తరబడి ఒక ఎంజైము వెనకాల పడ్డారు. ఎంజైమంటే ఏమిటనుకున్నారు? ఒంట్లో పనివాళ్లు. కట్టేవాళ్లు కొందరు, కూల్చేవాళ్లు కొందరు. వయసులో ఉన్నన్నాళ్లూ కూల్చేవాళ్లు బుద్ధిగా మూల కూచుంటారు, వయసు మళ్లేసరికి వాళ్లే పెత్తనం తీసుకుంటారు, అదిగో అప్పుడు మొహంమీద ముడత, మోకాలిలో నొప్పి. మేడమ్ గొట్టంలో జెల్లీలాంటిది పోస్తారు, మన చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేదీ ఆ జాతిదే, అందులో ఎంజైము చుక్క వేస్తారు, పొద్దున్నకి జెల్లీ నీళ్లైపోతుంది, నేను కడిగేస్తాను. రోజూ ఇదే తంతు. ఒకనాడు ఒక గొట్టంలో జెల్లీ వదల్లేదు. బ్రష్షు పెట్టి తోమాను, వేణ్ణీళ్లు పోశాను, బోర్లించి తట్టాను, అబ్బే. తీసుకెళ్లి మేడమ్ బల్లమీద పెట్టి, 'ఈ గొట్టంలో కూల్చేవాడు సమ్మె కట్టాడండీ' అన్నాను."

"అంటే గొట్టం కడగలేకపోయానని చెప్పుకున్నారన్నమాట, గురువుగారూ," అన్నాడు టైలరు.

"కడగలేకపోవడం వేరు, కడగకూడదని తెలుసుకోవడం వేరు. అందుకే నువ్వు గుండీలు కుడుతున్నావు. అందులో ఏముందో తెలుసా? ఉల్లిపొట్టు రసం. ఆ ఫ్లేవనాయిడ్ వెళ్లి, తాళం కన్నంలో పుల్ల ఇరికించినట్టు, ఎంజైము నోట్లో ఇరుక్కుపోయింది. ఇక అది మూయలేదు, తెరవలేదు. మేడమ్ నా మొహంకేసి చూసి, 'మీరు లేకపోతే ఇది సింకులోకి పోయేది' అన్నారు. ఇంకా ఏదో కూడా అన్నారు, 'ఇది గొట్టంలో సంగతి, ఒంట్లో అయితే' అని. అప్పటికే నేను కుళాయి తిప్పేశాను, నీళ్ల చప్పుడులో వినపళ్లేదు."

"వినాల్సిన ముక్క అదేనేమోనయ్యా," అన్నారు మాస్టారు.

"మాస్టారూ, మీరు ముక్కలు పట్టుకోకండి, మొత్తం వినండి. నేను ఆ గొట్టాన్ని ఏ బ్రష్షుతో తోమాను? ముసలి బ్రష్షు. కుచ్చంతా రాలి బోడైపోయింది, పారేద్దామని పక్కన పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున వెళ్లేసరికి కుచ్చు మొలిచింది. నల్లగా, ఒత్తుగా, నూనె రాసినట్టు. నా కుడిచేతికి తొడుగు చిరిగి ఉందా, ఆ రసం కాస్త తగిలింది, మణికట్టుదాకా ముడతలు మాయం. ఒక వారంపాటు నా కుడిచెయ్యి పెళ్లికొడుకుది, ఎడమచెయ్యి పెళ్లికొడుకు తాతది. బస్సులో కుడిచెయ్యి పైన పెట్టి కమ్మీ పట్టుకుంటే సీటివ్వమన్నారు, ఎడమచెయ్యి పెడితే సీటిచ్చారు."

"ఏదీ, కుడిచెయ్యి చూపించండి," అన్నాడు టైలరు.

గొట్టాలాయన చూపించాడు. గీతలుపడి, నీళ్లలో నానినానీ ఎండిన చెయ్యి. "ఇవి వయసు ముడతలు కావు, పని ముడతలు," అన్నాడు తొణక్కుండా. "వాటికి మందు లేదు."

టైలరు ఒప్పుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో నాలుగో కాలు గురించి వాదిస్తే కుందేలు కూడా నవ్వుతుంది.

"ఇక ఎలుక సంగతి చెప్తాను. బోనులో ఒక ముసలి ఎలుక, పళ్లు లేవు, చూపు లేదు, గింజ వేస్తే దగ్గరికి నడిచి వెళ్లేసరికి ఆకలి చచ్చిపోయేది. నాకు జాలేసి సింకు దగ్గర మిగిలిన రసం ఒక చుక్క నోట్లో వేశాను. తెల్లారేసరికి పళ్లు. మర్నాడు మీసం తిప్పుతోంది. ఆ మర్నాడు పిల్లి వచ్చింది, రోజూ ఆ ఎలుకని చూసి నోరూరించుకునే పిల్లే, ఆ రోజు ఎలుక దాన్ని వరండా పొడుగునా తరిమింది. పిల్లి మళ్లీ కనపడలేదు, వేరే ఆఫీసుకి బదిలీ పెట్టుకుందని విన్నాను."

అక్క భర్త ఇంతసేపూ లోటా రెండు చేతుల మధ్యా పట్టుకుని, వంగి వింటున్నాడు. "బావా," అన్నాడు మెల్లిగా, "ఆ ఎలుకకి మధ్యలో తల తిరిగిందా?"

అక్క గరిటె ఆగింది.

"తిరగదూ మరి?" అన్నాడు గొట్టాలాయన, అడిగిన మనిషి మొహం చూడనైనా చూడకుండా. "వయసు వెనక్కి తిరిగేటప్పుడు తల కూడా కాస్త తిరుగుతుంది బావా. బండి వెనక్కి మళ్లించేటప్పుడు లోపలివాళ్లు తూలరూ? తూలాలి. తూలితేనే పనిచేస్తున్నట్టు."

అక్క భర్త తనలో తను తల ఊపుకుని, లోటా ఎత్తి గడగడా తాగాడు. మొన్న గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి ఇప్పుడు తేరుకుని కూర్చున్నాడు, ఆ తూలడం తన గొప్పే అన్నట్టు. అక్కకి ఒళ్లు మండింది. ఒళ్లు మండడం కంటే భయమేసింది. రేపు మళ్లీ తూలితే ఈయన గోడ కూడా పట్టుకోడు, సంతోషంగా పడతాడు. టీ కొట్టు మర్యాద ఎంతటిదైనా, మొగుడి ప్రాణం కంటే పెద్దది కాదు కదా.

ఆమె పొయ్యి మంట తగ్గించి, చెంగుతో చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె కథ వినడానికి బల్ల దగ్గరికి రావడం అదే మొదలు.

"ఎలుక ఏమైంది అన్నయ్యా ఆ తర్వాత?" అంది.

గొట్టాలాయన పొంగిపోయాడు. ఆ ప్రశ్న ఎప్పుడూ తనే వేసుకోవాల్సి వచ్చేది, ఇవాళ ఇంకొకరు వేశారు. "అలా అడుగు చెల్లెమ్మా. ఎలుక అక్కడితో ఆగిందా? ఆగలేదు. రోజురోజుకీ చిన్నదైంది. ఎర్రగా, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని, పాలకోసం నోరు తెరిచింది. వాళ్లమ్మ పోయి ఎన్నాళ్లో అయింది. చివరికి దాని మనవరాలు ఉంది పక్క బోనులో, దాని దగ్గర పెట్టాను. మనవరాలు తాతకి పాలిచ్చి పెంచింది."

"బంధుత్వం ఏమని రాయాలో," అన్నారు మాస్టారు.

"అయ్యో, అది ఏమంత వింత? గొట్టాలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? సింకు కిందినుంచి కారి లాబ్ తలుపు కాలిదాకా వచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు చిగురేసింది. చెక్క తలుపు కదా, తను ఒకప్పుడు చెట్టునని జ్ఞాపకం వచ్చింది. ఒక్క రాత్రిలో కొమ్మలు చూరు తాకాయి, పొద్దున తాళం తీద్దామంటే తాళం పైకొమ్మ మీద ఉంది, నిచ్చెన తెచ్చుకున్నాం. లోపల డైరెక్టరుగారి కుర్చీ వేళ్లు దిగి నేలకి పాతుకుపోయింది. పైనించి తనిఖీకి వచ్చినాయన బూట్లు ఆ నీళ్లలో పెట్టాడు, తోలు బూట్లు. ఆయన మీటింగు గదివైపు వెళ్దామనుకుంటాడు, బూట్లు గడ్డివైపు లాక్కుపోతాయి. ఎంత లాగినా ఆగవే. పచ్చికలో నిలబడి మేశాయి."

టైలరు టీ పొలమారి దగ్గాడు. అక్క మాత్రం నవ్వలేదు. "డైరెక్టరుగారు కూడా తాగారని ఆ మధ్య అన్నారు కదా అన్నయ్యా," అంది. అలా ఆయన ఎప్పుడూ అనలేదు.

"అన్నానా?" అన్నాడు గొట్టాలాయన. క్షణంలో సర్దుకున్నాడు. "అన్నాను, అన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నారు, మీరు మనవాళ్లు కాబట్టి చెప్తున్నా. ఆయన రిటైరయ్యే రోజు దగ్గరపడింది, కుర్చీ వదల్లేడు, ఎలాగూ పాతుకుపోయింది కదా. నన్ను పక్కకి పిలిచి, 'ఒక్క చెంచా' అన్నారు. పెద్దాయన, కాదనలేకపోయాను. ఆయన గుక్కెడు తాగేశారు. మర్నాటికి బట్టతల మీద జుట్టు. ఆ మర్నాడు మీసం పోయింది, గొంతు కీచుమంది. మూడోనాడు వాళ్లావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లల్ని రానివ్వనన్నాడు. కాగితాల మీద సంతకం పెట్టమంటే ఏనుగు బొమ్మ గీశారు. చెప్పాలంటే ఆ రోజుల్లోనే పనులు చకచకా జరిగాయి."

సరిగ్గా అప్పుడు వీధిదీపం వెలిగింది.

గొట్టాలాయన మాట ఒక్క ఊపిరి ఆగింది. కన్ను మూలనున్న డ్రమ్ము మీదికి పోయింది. బల్ల మీంచి సగం లేచాడు.

"కూర్చోండి అన్నయ్యా," అంది అక్క. "ఇంత మంచి పట్టులో లేస్తే ఎలా? నీళ్లు నేనే తెస్తాను. డైరెక్టరుగారిని అలా పసివాడిగా వదిలేస్తారా?"

అందరూ ఆయన వంకే చూస్తున్నారు. కోతలు కోసేవాడికి వినేవాళ్ల చూపు కంటే గట్టి తాడు లేదు. ఆయన కూర్చున్నాడు.

"వదిలేస్తానా? ఆయన్ని మళ్లీ పెద్దవాణ్ణి చేసిందీ నేనే. మేడమ్‌కి దారి తోచలేదు, డాక్టర్లు చేతులెత్తేశారు. నేను ఏం చేశానో తెలుసా? ఎత్తుకుని తీసుకెళ్లి మీటింగులో కూర్చోబెట్టాను. మొదటి మీటింగు అయ్యేసరికి మీసం వచ్చింది. రెండో మీటింగుకి జుట్టు నెరిసింది. మూడోది మధ్యలోనే ఆపించాను, లేకపోతే మనిషి దక్కేవాడు కాదు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు చాలా మీటింగుల్లో కూర్చున్నారు. ఆ ఒక్క ముక్కా నమ్మారు.

అక్క గ్లాసులో సగానికి నీళ్లు పోసి చేతిలో పట్టుకుని, ఆయన ముందు కాకుండా పక్కగా నిలబడింది. ఇవ్వలేదు. "మరి మీ సంగతేమిటన్నయ్యా? మీరూ రోజూ తాగుతారా, ఆ ఉల్లిపొట్టు నీళ్లు?"

"రోజూనా? పూటపూటా. అందుకే నా ఒళ్లు ఇలా ఉక్కులా ఉంది. బీపీ అంటే ఏమిటో, షుగరంటే ఏమిటో నా ఒంటికి ఆ మాటలే తెలీవు. మొన్న ఒక పెద్ద డాక్టరు నా నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడే. ఏమిటి బాబూ అంటే, 'సంగీతంలా ఉందండీ, కాసేపు విననివ్వండి' అన్నాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా? తన చెయ్యి నాకు చాపి, 'ఇప్పుడు మీరు నాది చూడండి' అన్నాడు. బావా, నీకు చెప్తున్నా విను, మాత్ర మొహం చూసి ఎరగను నేను. మాత్రలు వేసుకునేవాళ్లని చూస్తే నాకు జాలి. ఆ ఫ్లేవనాయిడ్ ఒంట్లో ఉండగా మాత్రతో పనేముంది, ఏనుగు ఎక్కినవాడికి ఇంకా చేతికర్ర ఎందుకు, అసలు నన్నడిగితే..."

అక్క గ్లాసు ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఎప్పటిలాగే, అరగ్లాసు.

నోరు కథలో ఉంది. చెయ్యి దాని అలవాటులో అది ఉంది. కుడిచెయ్యి చొక్కా జేబులోకి వెళ్లి, అట్ట పైకి తీసి, బొటనవేలితో టక్కున నొక్కి, మాత్ర నోట్లో వేసింది. ఎడమచెయ్యి నీళ్లు పోసింది. గుటక పడింది. గోడ ఒక్కటే లేదు, మిగతాదంతా రోజూ జరిగినట్టే జరిగింది.

"నన్నడిగితే," అన్నాడు గొట్టాలాయన, మూతి తుడుచుకుంటూ, "మందుల షాపులన్నీ మూయించి ఉల్లిపాయల కొట్లు పెట్టించాలి. ఆ తర్వాత ఏమవుతుందో..."

అందరి కళ్లూ ఆయన కుడిచేతి మీదే ఉన్నాయి. అప్పుడు ఆయన తన చేతిలోకి తను చూసుకున్నాడు.

"గురువుగారూ," అన్నాడు టైలరు, "అది ఉల్లిపాయేనా?"

"ఇదా?" అన్నాడు గొట్టాలాయన. అట్ట జేబులోకి తోద్దామని చూశాడు, జేబు దొరకలేదు. "ఇదీ అదే. ఫ్లేవనాయిడే. బిళ్లకట్టారు."

అక్క భర్త లేచి, ఆయన చేతిలోంచి అట్ట మెల్లిగా తీసుకుని దీపం వెలుగులో తిప్పి చూశాడు. వెండిరంగు మీద ఎర్రగీత. అక్క లోపలికెళ్లి, బిస్కెట్ల డబ్బా అడుగునుంచి ఇంకో అట్ట తెచ్చి పక్కన పెట్టింది. ఆ గీతే, ఆ రంగే, ఆ డాక్టరు రాసిచ్చిందే. తేడా ఒక్కటే. గొట్టాలాయన అట్ట దాదాపు ఖాళీ, ఈయనది దాదాపు నిండు.

"ఎన్నాళ్లనించీ బావా?" అన్నాడు అక్క భర్త. గొంతులో కోపం లేదు, అదే గొట్టాలాయనకి కష్టమైంది. తిడితే ఒక కథ చెప్పి ఉండేవాడు.

ఆయన అక్క వంక చూశాడు. "మీ వెనకాల నిలబడి నీళ్లిచ్చేదాన్ని అన్నయ్యా, ఎప్పుడూ ఏమీ అనలేదు," అంది. "మొన్న ఈయన తూలి గోడ పట్టుకున్నారు. అందుకని."

గొట్టాలాయన నోరు తెరిచాడు, మూశాడు. తాళం కన్నంలో పుల్ల ఎలా ఇరుక్కుంటుందో బల్లమీద అందరూ కళ్లారా చూశారు. చివరికి ఎంతో అలవాటైన మాట ఒకటి వెతుక్కుని బయటికి తెచ్చాడు. "ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసయ్యా," అన్నారు లెక్కల మాస్టారు. "మాత్ర వేసుకున్నావు. అందుకే ఇంకా ఇక్కడ కూచుని కథ చెప్తున్నావు."

టైలరు నవ్వుదామనుకుని, అక్క భర్త మొహం చూసి మానుకున్నాడు. ఆయన లోటాలో మిగిలిన ఉల్లిపొట్టు నీళ్లకేసి కాసేపు చూశాడు. తర్వాత వంగి, వాటిని బల్లకాలు దగ్గర పారబోశాడు. బల్ల చిగురేసే సూచనలేమీ లేవు.

"నాకూ ఓ అరగ్లాసు నీళ్లివ్వు," అన్నాడు అక్కతో.

అక్క నిండు గ్లాసు తెచ్చింది. ఆయన మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడి, తర్వాత గబగబా పొయ్యి దగ్గరికెళ్లిపోయింది. ఏడుపొచ్చింది. పొగ అనుకుంటారులే అని కళ్లు తుడుచుకోలేదు.

గొట్టాలాయన ఒక వారం రాలేదు. వచ్చిన రోజున పాదరసం తాగిన పాము కథ చెప్పాడు, అది ఇంతవరకూ చెప్పినవాటన్నిటికంటే పెద్ద కోత. ఎవరూ అడ్డు రాలేదు. వీధిదీపం వెలగగానే అక్క రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి బల్లమీద పెట్టింది. అప్పట్నుంచీ రోజూ రెండు గ్లాసులే. ఇప్పుడు ఎవరూ గోడవైపు తిరగరు.